పంతొమ్మిదో అంకం: నా వైవాకు ముందు ఇరవై రెండు రోజులు

నా పీహెచ్‌డీ వైవా (మౌఖిక పరీక్ష) తేదీ ఖాయమైందని నా పరిశోధన మార్గదర్శి అయిన మాస్టారు ఫోను చేసినప్పుడు నేను శ్రీకాకుళంలో మా కళాశాల పరీక్షల విధుల్లో ఉన్నాను. "అమ్మా, ఇంకా ఇరవై రెండు రోజులుంది. ఇద్దరు పరీక్షకుల నివేదికలూ అనుకూలంగానే వచ్చాయి. నకళ్ళు పంపిస్తున్నాను. ముందు అవి చదువు. అప్పటిదాకా థీసిస్ ముట్టుకోకు" అన్నారు. ఆ చివరి మాట ఎందుకన్నారో నాకు ఆ రోజు అర్థం కాలేదు. ఇంటికి వెళ్ళగానే థీసిసే తీశాను.

సమర్పించి అప్పటికి తొమ్మిది నెలలైంది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం థీసిస్ సమర్పించిన ఆరు నెలల్లోగా వైవా ఫలితంతో సహా మూల్యాంకనమంతా పూర్తి కావాలి. నా విషయంలో అది జరగలేదు. ఆ ఆలస్యం వల్ల కలిగే నష్టం ఉద్యోగానికో ఇంక్రిమెంటుకో సంబంధించిందని అందరూ అనుకుంటారు. అంతకంటే పెద్ద నష్టం వేరే ఉంది. తొమ్మిది నెలల్లో నేను రాసిన వాక్యాలు నాకే పరాయివయ్యాయి. ఒక పేజీ తెరిచి, ఈ మాట ఎందుకు రాశానా అని పావుగంట ఆలోచించిన సందర్భాలున్నాయి.

నా అంశం శ్రీకూర్మం ఆలయ శాసనాల్లోని దీపదానాలు. శ్రీకాకుళం నుంచి ఆటోలో వెళ్ళివచ్చే దూరంలోనే ఉంది ఆ గుడి. మహావిష్ణువు కూర్మరూపంలో పడమటికి తల పెట్టి ఉంటాడు. గుడి ఆవరణలో నక్షత్ర తాబేళ్ళను పెంచుతారు. చిన్నప్పుడు వాటిని చూడడానికే వెళ్ళేదాన్ని. మండపంలోని నల్లరాతి స్తంభాల నిండా అక్షరాలున్నాయని పీజీ చదివే రోజుల దాకా గమనించనే లేదు. కళింగను ఏలిన తూర్పు గాంగుల కాలం నుంచి రాజులు, రాణులు, అధికారులు, వర్తకులు అఖండ దీపాలకు చేసిన దానాలు వాటి మీద తెలుగులోనూ సంస్కృతంలోనూ ఉన్నాయి. ఫలానా సంవత్సరాన, ఫలానా వారు, శ్రీభండారంలో, అంటే గుడి ఖజానాలో, ఇన్ని గండమాడలు (ఆనాటి నాణేలు) పెట్టి, ఆచంద్రార్కం వెలిగేలా ఒక దీపం ఇచ్చారు. "ఈ ధర్మము శ్రీవైష్ణవ రక్ష". చాలా శాసనాలది ఇదే వరస. దానం చేసిందెవరు, ఏమిచ్చారు, దాన్ని గుడి ఎలా నిర్వహించింది అన్నదే నా పరిశోధన.

మొదటి నాలుగు రోజులు వృథా చేశాను. మొత్తం 312 పేజీలు మొదటి నుంచి చదువుతూ, అడగవచ్చనుకున్న చోటల్లా పసుపు రంగు పూశాను. నాలుగో రోజుకు పుస్తకమంతా పసుపే. అన్నీ ముఖ్యంగా కనిపించాయంటే ఏదీ నా చేతికి చిక్కలేదన్నమాట. రాత్రి పడుకుంటే దాతల పేర్లు, శక సంవత్సరాలు కలగాపులగంగా తిరిగేవి. ఐదో రోజు మాస్టారు మళ్ళీ ఫోను చేసి, "నివేదికలు చదివావా?" అని అడిగారు. లేదన్నాను. ఆయన కోప్పడలేదు. "నువ్వు రాసింది నీకు తెలుసు. వాళ్ళు ఏమి చదివారో తెలుసుకో" అని మాత్రం అన్నారు.

అప్పుడు తెరిచాను. మొదటి నివేదిక నాలుగు పేజీలుంది. అధ్యాయాల వారీగా మెచ్చుకుని, చివర పదకొండు ప్రశ్నలు వేశారు. చదువుతుంటే ఆ పెద్దాయన నా పక్కన కూర్చుని పేజీలు తిప్పుతున్నట్టు అనిపించింది. పదకొండింటికీ రాసుకోగలిగిన జవాబులున్నాయి. రెండో నివేదికలో అసలు విషయం రెండు వాక్యాలే: సిద్ధాంత గ్రంథం పట్టాకు అర్హమైనది, శక సంవత్సరం లేని శాసనాలకు అభ్యర్థిని అనుసరించిన కాలనిర్ణయ పద్ధతిని మౌఖిక పరీక్షలో వివరించవలసి ఉంటుంది. వైవాకు రాబోయే పరీక్షకులు ఈ రెండో నివేదిక రాసినవారేనని మాస్టారు చెప్పారు.

నాలుగు పేజీల కంటే ఆ రెండు వాక్యాలే నన్ను నిద్రపోనివ్వలేదు. ఎందుకో చెప్పాలంటే గాంగుల కాలగణన గురించి కాస్త చెప్పాలి.

శాసనంలో శక సంవత్సరం స్పష్టంగా ఉంటే పని సులువు. 78 కలిపితే క్రీస్తు శకం వస్తుంది. శక 1203 అంటే 1281. అయితే పుష్య, మాఘ, ఫాల్గుణ మాసాల తిథి చాలాసార్లు తరువాతి జనవరిలోకో, ఫిబ్రవరిలోకో, మార్చిలోకో పడుతుంది. అప్పుడు 79 కలపాలి. కొన్నిచోట్ల సంవత్సరాన్ని అంకెలకు బదులు మాటల్లో చెబుతారు. వేదం అంటే నాలుగు, వసువు అంటే ఎనిమిది, శశి అంటే ఒకటి. వాటిని కుడి నుంచి ఎడమకు పేర్చుకోవాలి. ఇవన్నీ ఎం.ఏ.లోనే నేర్పారు.

చిక్కంతా శకం చెరిగిపోయి, రాజు పాలనా సంవత్సరం మాత్రమే మిగిలిన శాసనాలతోనే. "విజయరాజ్య సంవత్సరంబులు ఇన్నగు శ్రాహి" అని ఉంటుంది. శ్రాహి అంటే పాలనా సంవత్సరానికి గుర్తుగా రాసే మాట. ఆ సంఖ్యను ఉన్నదున్నట్టు లెక్కపెట్టకూడదు. గాంగులది అంకం లెక్క. అందులో ఒకటి ఉండదు, ఆరు ఉండదు, ఆరుతో ముగిసే సంఖ్య ఏదీ ఉండదు, సున్నాతో ముగిసేవీ ఉండవు, ఒక్క పది తప్ప. రాజు పట్టానికి వచ్చిన మొదటి ఏడే రెండో అంకం. ఐదు తరువాత ఏడు. పదిహేను తరువాత పదిహేడు. పంతొమ్మిది తరువాత ఇరవై ఒకటి. పైగా చివరి గాంగులు తాత పేరు మనవడికి పెట్టుకుంటూ వచ్చారు: నరసింహుడు, భానుదేవుడు, మళ్ళీ నరసింహుడు, మళ్ళీ భానుదేవుడు. ఇలా నలుగురు నరసింహులు, నలుగురు భానుదేవులు. శకం లేకపోతే ఏ నరసింహుడో లిపిని బట్టి, దాతను బట్టి, చుట్టుపక్కల శాసనాలను బట్టి తేల్చాలి.

ఈ పద్ధతంతా రెండో అధ్యాయంలో నేనే వివరించాను. పట్టిక కూడా ఇచ్చాను. ఆ ధైర్యంతోనే శకం లేని శాసనాల జాబితా ముందు పెట్టుకుని ఒక్కొక్కటీ మళ్ళీ లెక్క కట్టడం మొదలుపెట్టాను. మూడు రోజులు పట్టింది. మూడో రోజు రాత్రి పదకొండు గంటలకు 187వ పేజీలో ఆగిపోయాను.

అక్కడ రెండో నరసింహదేవుడి కాలానిదని నేను నిర్ణయించిన ఒక దీపదాన శాసనం ఉంది. శ్రాహి 19. ఆయన 1279 ప్రాంతంలో పట్టానికి వచ్చాడు. నేను దాని కాలం 1297 అని రాశాను. అంటే పంతొమ్మిదో ఏడుగా లెక్కపెట్టాను. పంతొమ్మిదో అంకం నిజానికి పదహారో ఏడు. 1294 కావాలి.

మూడేళ్ళ తేడా. శాసనాల విషయంలో అది చిన్నదే అనవచ్చు. కానీ నా విషయంలో చిన్నది కాదు. శ్రీకూర్మంలో నరహరి తీర్థులవారి పాత్ర చాలా పెద్దది. మధ్వాచార్యుల శిష్యుడాయన. గాంగుల కొలువులో ఉంటూ శ్రీకూర్మంలో యోగానంద నరసింహుడి గుడి కట్టించారు. 1281 నాటి ఆయన శాసనం అక్కడే ఉంది. శాసనాల్లో ఆయన జాడ 1264 నుంచి 1294 ప్రాంతం దాకా కనిపిస్తుంది. 187వ పేజీలో నేను, ఈ దానం ఆయన కాలం ముగిశాక వచ్చిన మార్పుకు గుర్తు అని రాశాను. 1294 అయితే ఆ మాట నిలవదు. అప్పటికి ఆయన ఇంకా శాసనాల్లో ఉన్నారు.

ఆ రాత్రి ఎవరికీ చెప్పలేదు. తొమ్మిది నెలల ముందు అచ్చయి, బైండు అయి, ఇద్దరు పెద్దలు చదివి అర్హమన్న పుస్తకంలో, నేనే సూత్రం చెప్పి నేనే దాన్ని తప్పాను. ఎలా జరిగిందో వెతికాను. తొలి ఏడాది నోటుపుస్తకంలో, అంకం లెక్క సరిగ్గా నేర్చుకోకముందు రాసుకున్న సంఖ్య అది. తరువాత మిగిలినవన్నీ సరిదిద్దాను, ఇదొక్కటీ అలాగే అధ్యాయంలోకి వచ్చేసింది.

పొద్దున్నే మాస్టారి ఇంటికి వెళ్ళాను. చెబుతుంటే గొంతు పట్టేసింది. ఆయన పేజీ చూసి, వేళ్ళ మీద లెక్కపెట్టి, "అవును, పదహారో ఏడే" అన్నారు. కాసేపటికి, "అది పంతొమ్మిదేనని నీకు ఖాయమా? నువ్వు రాయి చూశావా, అచ్చు పుస్తకం చూశావా?" అని అడిగారు. దక్షిణ భారత శాసనాల ఐదో సంపుటం 1925లో అచ్చయింది. శ్రీకూర్మం శాసనాలకు మాకు అదే ఆధారం. స్తంభం దగ్గరికి వెళ్ళి చాలా శాసనాలు సరిచూశాను, కానీ ఈ ఒక్క సంఖ్యను నా కళ్ళతో చూసినట్టు గుర్తు లేదు. నిజమే చెప్పాను.

"అయితే వెళ్ళి చూసి రా. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ గిడుగు రామమూర్తి గారు ఎవరూ నేర్పకుండానే ముఖలింగం శాసనాలు చదవడం నేర్చుకున్నారు. నీకు పుస్తకాలున్నాయి, నేనున్నాను, గుడి కూతవేటు దూరంలో ఉంది" అన్నారు.

మర్నాడు గుడి తెరిచే వేళకే మా ఆయన, నేను వెళ్ళాం. అర్చకులకు సంగతి చెబితే, భక్తుల రద్దీ పెరగకముందే చూసుకోమన్నారు. రాతి మీద అక్షరాలకు ఎదురుగా లైటు వేస్తే ఏమీ కనిపించదు, అంతా చదునుగా తెల్లబోతుంది. లైటును రాయికి ఆనించి పక్క నుంచి వేయాలి. అప్పుడు ప్రతి గీత పక్కనా సన్నని నీడ లేస్తుంది. మా ఆయన ఫోను టార్చి పట్టుకుని మెల్లగా పైకీ కిందికీ జరిపారు. నేను నేల మీద కూర్చుని చూశాను. "శ్రాహి" స్పష్టంగా ఉంది. దానికి ముందు ఒకటి ఉంది. రెండో అంకె అరిగిపోయింది. పై వంపు ఉంది, కింద రాయి కొంచెం పెచ్చు లేచింది. ఎంత చూసినా తొమ్మిదో, ఆరో తేలలేదు.

అరగంట అలాగే కూర్చున్నాను. దర్శనానికి వచ్చిన ఒక పెద్దావిడ ఆగి, ఏమైనా పడిపోయిందా తల్లీ అని అడిగారు. అక్షరాలు చదువుతున్నానన్నాను. ఆవిడ ఆ స్తంభాన్ని తాకి కళ్ళకద్దుకుని వెళ్ళిపోయారు.

తిరుగు ప్రయాణంలో ఆటోలో ఉండగా తోచింది. పదహారో అంకం అనేదే ఉండదు కదా! ఆరుతో ముగిసే సంఖ్యను ఆ లెక్కలో వాడరు. కాబట్టి ఆ అరిగిన అంకె ఆరు కావడానికి వీల్లేదు. రాయి చెప్పలేనిది లెక్క చెబుతోంది. అది పంతొమ్మిదే, కాలం పదహారో ఏడే. ఆటో శబ్దంలో మా ఆయనకు గట్టిగా అరిచి చెప్పాను. అన్ని రోజుల్లో నాకు మొదటిసారి సంతోషం కలిగింది ఆ క్షణంలోనే.

ఇంటికి వచ్చి ఇంకొక పని చేశాను. అదే రాజు శాసనాల్లో శకమూ, శ్రాహీ రెండూ నిలిచి ఉన్నవాటిని ఏరి, రెండు రకాలుగా లెక్క కట్టి పక్కపక్కన రాశాను. అంకం పద్ధతిలోనే శకంతో పొంతన కుదిరింది. ఆ ఒక్క కాగితం నాకు 312 పేజీల కంటే ఎక్కువ ధైర్యమిచ్చింది. సూత్రం పుస్తకంలో ఉందని చెప్పడం వేరు, ఇదిగో ఈ రాళ్ళ మీద సరిచూశానని చెప్పడం వేరు.

తప్పొప్పుల పట్టిక ఒక పేజీ తయారు చేశాను. 187వ పేజీలో ఏముంది, ఏముండాలి, దాని వల్ల వాదనలో ఏ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను, ఏది నిలుస్తుంది. "వాళ్ళు అడిగేదాకా ఆగకు. నీ ప్రసంగానికి ముందే చేతికివ్వు" అన్నారు మాస్టారు.

మిగిలిన రోజుల తయారీ గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక్కో అధ్యాయానికి ఒక్కో కాగితం: ఈ అధ్యాయం ఏ ప్రశ్నకు జవాబు, ఆధారాలు ఏవి, బలహీనత ఎక్కడ. ఇరవై నిమిషాల ప్రసంగం. ముప్పై ఎనిమిది స్లైడ్లు పద్నాలుగయ్యాయి. మా స్టాఫు గదిలో సహోద్యోగుల ముందు రెండుసార్లు మాట్లాడాను. భౌతికశాస్త్రం చెప్పే మేడం గారు, "మీకంటే ముందువాళ్ళకు తెలియనిది మీ వల్ల తెలిసింది ఏమిటి? ఒక్క నిమిషంలో చెప్పండి" అన్నారు. మొదటిసారి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ జవాబును కుదించడానికే ఒక సాయంత్రమంతా ఖర్చు చేశాను, అది సార్థకమైంది.

కానీ అన్నిటికంటే లోతైన ప్రశ్న మా అత్తయ్య నుంచి వచ్చింది. ఆవిడ వంశధార ఒడ్డు పల్లెలో పశువుల మధ్య బతికిన మనిషి. వంటింట్లో నేను ప్రసంగం పైకి చదువుకుంటుంటే విని, "దీపానికి ఆవులిచ్చారంటున్నావు. ఆవు వట్టిపోయాక పాలుండవు కదమ్మా. ఆ నెలల్లో నెయ్యి ఎక్కడిది? దీపం ఆరకూడదంటివి" అన్నారు.

నేను పొయ్యి దగ్గరే నిలబడిపోయాను. ద్రాక్షారామ శాసనాల్లో ఒక దీపానికి యాభై గొర్రెలు, తమిళ దేశంలో తొంభై, తొంభై ఆరు గొర్రెలు ఇవ్వడం నేను చదివినవే. తమిళంలో వాటిని "శావా మూవా పేరాడు", అంటే చావనివీ ముసలివి కానివీ అన్నారు. మంద ఈనుతూ పెరుగుతూ ఉంటుంది గనుక సంఖ్య తగ్గదని దాని భావం. ఒక ఆవుతో అఖండ దీపం నిలవదు, మంద కావాలి, మందను కాసే మనిషి కావాలి, ఆ మనిషి వంశం బాధ్యత పడాలి. మరి శ్రీకూర్మంలో చాలామంది పశువులకు బదులు గండమాడలు ఎందుకిచ్చారు? శ్రీభండారంలో పెట్టిన మాడ వట్టిపోదు. థీసిస్‌లో నేను దాన్ని నాణేల చలామణీ పెరగడంగానే వివరించాను. దీపం ఆరిపోతుందేమోనన్న దాత భయం అందులో ఉండవచ్చని నాకు తట్టలేదు. అత్తయ్యతో అదే అన్నాను. "భయం ఉండదా మరి? పుణ్యానికి పెట్టిన దీపం" అన్నారావిడ, బియ్యం కడుగుతూ.

వైవా రోజు గది నిండింది. నిబంధనల ప్రకారం వైవా బహిరంగం. శాఖలోని అధ్యాపకులు, పరిశోధక విద్యార్థులు ఎవరైనా రావచ్చు. బయటి పరీక్షకులు, మాస్టారు, శాఖాధిపతి ముందు వరసలో కూర్చున్నారు. నేను లేచి, తప్పొప్పుల కాగితం అందరికీ ఇచ్చాను. చేతులు వణికాయి. పరీక్షకులు దాన్ని చాలాసేపు చదివారు. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. "ముందు ప్రసంగం కానివ్వండమ్మా" అన్నారు.

ప్రసంగం అయ్యాక ఆయన మొదటి మాట, "బోర్డు దగ్గరికి రండి". ముప్పై ఒకటో అంకం ఎన్నో ఏడో రాయమన్నారు. అంకెలు వరసగా రాసి, ఒకటి, ఆరు, పదహారు, ఇరవై, ఇరవై ఆరు, ముప్పై కొట్టేశాను. ఇరవై ఐదు మిగిలింది. తరువాత 187వ పేజీ తీసి, "ఇది పంతొమ్మిది కాదు, పదహారు అని ఎవరైనా అంటే?" అన్నారు. రాయి చూశాననీ, రెండో అంకె అరిగిపోయిందనీ, అంకం లెక్కలో పదహారు లేదు గనుక ఆరు కావడానికి వీల్లేదనీ చెప్పి, శకంతో సరిచూసిన కాగితం చూపించాను. ఆయన కళ్ళజోడు తీసి కాగితం దగ్గరగా పెట్టుకుని చూశారు. "ఈ పట్టిక థీసిస్‌లో ఎందుకు లేదు?" అన్నారు. "అప్పటికి చేయలేదండి. మీ నివేదిక చదివాక చేశాను" అన్నాను.

"ఆరు, సున్నా ఎందుకు వదిలేస్తారు?" అన్నది తరువాతి ప్రశ్న. అశుభమన్న నమ్మకం వల్లనని పరంపరగా చెబుతారనీ, కారణం చెప్పిన శాసనమేదీ నా కంటబడలేదనీ అన్నాను. ఆయన తల ఊపి ముందుకు వెళ్ళారు. మరో రెండు ప్రశ్నలకు నా దగ్గర జవాబు లేదు. లేదనే చెప్పాను.

వెనక వరస నుంచి ఒక విద్యార్థి లేచి, దానం పశువుల నుంచి నాణేలకు ఎందుకు మారిందని అడిగాడు. అత్తయ్య ప్రశ్నను అలాగే చెప్పాను, ఎవరు అడిగారో కూడా చెప్పాను. ఆ జవాబు ఇంకా ఊహే, రుజువు చేయాల్సి ఉందని కూడా అన్నాను. పరీక్షకులు తన కాగితం మీద ఏదో రాసుకున్నారు. గంటా ఇరవై నిమిషాల తరువాత నన్ను బయటికి వెళ్ళమని, కాసేపటికి పిలిచి, పట్టాకు సిఫారసు చేస్తున్నట్టు ప్రకటించారు. దిద్దుబాటుతో పాటు ఆ పట్టికను రెండో అధ్యాయంలో చేర్చమన్నారు. టీ తాగుతున్నప్పుడు ఆ స్తంభం ఫోటో కావాలని అడిగారు. "లైటు పక్క నుంచి వేసి తీసినదే పంపండి" అన్నారు.

వారం తరువాత దిద్దిన పేజీలు తీసుకుని ఏడు రోడ్ల కూడలి దగ్గర బైండింగు చేసే ఆయన దుకాణానికి వెళ్ళాను. థీసిస్‌లను ఆన్‌లైన్‌లో భద్రపరిచే శోధగంగకు పంపే ప్రతిని అప్పటికే సరిదిద్దాను. మూడు ప్రతులు విప్పదీసి మళ్ళీ కుట్టాలి. "ఒక్క అంకె కోసమా అమ్మా? పేజీ మీద చిన్న చీటీ అంటించేద్దాం, ఎవరు చూస్తారు?" అన్నాడాయన. కొత్తగా కుట్టమన్నాను. ఆయన అట్ట విప్పి, పాత 187వ పేజీ నా చేతికిచ్చి, కొత్తది దాని చోట పెట్టాడు. జిగురు ఆరడానికి గంటన్నర పడుతుందన్నాడు. బల్ల మీద కూర్చుని ఎదురుచూశాను.